వేరు పట్టిందా

సఖినేటిపల్లి రేవులో పడవ ఆలస్యమైన పొద్దున
భీమశంకరం ప్లీడరు గారు తడిసిన పంచె అంచు పిండుకుంటూ అన్నారు:
"రోములోనూ ఒక ఏరు ఉండేదయ్యా అమీనూ,
వాళ్ల ఒడ్లూ కోత పడేవి.
నువ్వు నిద్రపోతుండగా గింజ గింజగా
నీ గట్టుకు చేరిన ఒండ్రు నీదే అన్నారు.
ఒక్క ఊపున పెళ్లగించుకొచ్చిన చెక్క మాత్రం
పోగొట్టుకున్నవాడిదే,
దాని మీది చెట్లు నీ నేలలో వేరు పట్టేదాకా."

గొలుసు భుజాన వేసుకుని విన్నాను.
ఇరవై రెండేళ్లుగా నేల కొలుస్తున్నాను,
నేల నడుస్తుందని ఒప్పుకున్న చట్టం వినడం అదే మొదలు.

మా దావా అదే మరి.
ఎనభై ఆరు వరదలో కడలి సూరన్న లంకలోంచి
పదకొండు సెంట్లు, మూడు కొబ్బరిచెట్లు నిలువునా ఉండగానే
ప్రయాణం చేసి
గుబ్బల పేరయ్య గట్టుకు ఆనుకున్నాయి.
ఒక్క గెల రాలలేదట.
ఒక చెట్టుకు కట్టిన తాడు అలాగే ఉందట,
మేక లేదట.

వేరు పట్టిందో లేదో చూసి రమ్మన్నారు మునసబు గారు.
తవ్వించాను.
చుట్టూ నేల ఎండకి నెర్రెలు విచ్చి ఉంది,
రెండు మొదళ్ల దగ్గర మాత్రం మోకాలి లోతున తడి.
పేరయ్య కావిడి వైపు చూశాను.
అతను ఏటి వైపు చూశాడు.
అతని సొంత చెట్లు మొవ్వు వాడి వేలాడుతున్నాయి.
రాత్రుళ్లు అవతలివాడి చెట్లకు నీళ్లు మోస్తున్నాడు,
తనవి చేసుకోడానికి.

మూడో మొదట్లో వేళ్లు తెగి ఉన్నాయి,
పచ్చి ఆరని కొడవలి గాటు.
సూరన్న పడవ వేసుకొచ్చిన రాత్రి అది.
తన చెట్టు చచ్చినా సరే
ఇక్కడ పాతుకోకూడదు.

రిపోర్టులో వీటికి గడి లేదు.
"కొంత పట్టింది, కొంత పట్టలేదు" అని రాసి సంతకం పెట్టాను.

"మనిషి సంగతి వదిలేశావేం?" నవ్వారు ప్లీడరు గారు.
"వాళ్లు అదృష్టాన్ని ఆడదాన్ని చేసి
కళ్లకు గంతలు కట్టి, చేతికి చుక్కాని ఇచ్చారయ్యా."
వెనక చుక్కాని పట్టుకున్న ఏసుబాబు
"కళ్లుండే ఇసక తిన్నె ఎక్కించేస్తున్నామండి, ఆయ్" అన్నాడు.

తర్వాతి శ్రావణంలో ఏరు మళ్లీ వచ్చింది.
పదకొండు సెంట్లకు పేరయ్య గట్టు ఇంకో ఆరు కలుపుకుని
నా గొలుసుకు అందనంత దూరం పోయింది.
అంతర్వేది దాటి సముద్రంలో కలిసిందని కొందరు,
నర్సాపురం అవతల ఎవరో వలల మనిషి గుడిసె వెనక
మేట వేసిందని కొందరు.
అతనికి మన దావా సంగతి తెలీదు.

దావా మాత్రం కదల్లేదు.
నూట నలభై పేజీలు, పురికొస, చెద.
వేరు పట్టడమంటే అదీ.

నేను రిటైరైన నెలలో రేవులో చూశాను వాళ్లిద్దర్నీ.
రాజోలు వాయిదాకి.
ఒక్కడి కోసం పడవ తీయనన్నాడు ఏసుబాబు.
ముందే ఎక్కి కూర్చున్న పేరయ్య
సూరన్న గట్టు దిగుతుంటే
"బేగా రావోయ్, కేసు పిలిచేత్తారు" అని కేకేసి
కొంచెం జరిగి
చోటిచ్చాడు,
బల్ల మీద, ఒక జానెడు.