కూతవేటు

ఇళ్ల అమ్మకాలకి కాగితాలు రాయడం నా పని.
గదికో విశేషణం,
చుట్టుపక్కల ఉన్న ప్రతిదానికీ ఇన్ని నిమిషాలని ఒక అంకె.
డ్యునీడిన్ శివారు, కొండవాలు మీద
పద్నాలుగో నంబరు చెక్క ఇల్లు.
మూడు పడగ్గదులు, నిరుడు వేసిన రేకుల కప్పు,
రోజంతా ఎండ,
బడి, బస్సు, అంగడి అన్నీ కూతవేటు దూరంలో
అని ముందే రాసుకుని వెళ్లాను.

డెస్మండ్ పిరీ తలుపు తీశాడు.
ముప్పై మూడేళ్లు ఇదే రోడ్డు మీద సిటీ బస్సు నడిపిన మనిషి.
కాగితం చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"ఎవరి కూత?" అన్నాడు.

నడుద్దాం పద, అన్నాడు.

మెట్లు ముప్పై ఒకటి. పన్నెండోది కదులుతుంది.
బస్సు స్టాపుకి దిగేటప్పుడు నాలుగు నిమిషాలు,
సరుకుల సంచులతో ఎక్కేటప్పుడు తొమ్మిది,
మంచు గడ్డకట్టిన పొద్దున
ఒక చేత్తో కంచెనీ ఇంకో చేత్తో దేవుణ్ణీ పట్టుకోవాలి,
దానికి అంకె లేదు.
మూల దుకాణం ఆరింటికి తెరుస్తారు,
రొట్టె మాత్రం ఏడయితే గాని రాదు.
చేపల వేపుళ్ల కొట్టుకి వెళ్లక్కర్లేదు,
దక్షిణపు గాలి రోజున వాసన ఇంటికే వస్తుంది, ఉచితం.
ప్లమ్ చెట్టు పక్కింటిది, పళ్లు మనవి.
మంగళవారం గ్రంథాలయం చక్రాల మీద వచ్చి
నలభై నిమిషాలు ఆగుతుంది,
డ్రైవరుకి బిస్కెట్ ఇస్తే యాభై.
బడి గంట వంటింట్లోకి వినబడుతుంది.
మాకు పిల్లల్లేరు. అయినా
పదిన్నరకి టీ నీళ్లు పెట్టేది ఐలీన్,
వాళ్లకి ఆటవిడుపు కదా అని.

జూన్‌లో, ఇక్కడ జూన్ అంటే నడిచలికాలం,
రెండూ పదికి సూర్యుడు కొండ వెనక్కి పోతాడు.
అదీ రాయి.

బౌలింగ్ క్లబ్బు పచ్చిక దగ్గర ఆగాడు.
గేటు దగ్గర నిలబడి ఐలీన్ పిలిస్తే ఇక్కడిదాకా వినబడేది.
"డెస్" వచ్చేది, "మండ్" గాలి పట్టుకుపోయేది.
చెయ్యెత్తేవాణ్ణి. ఆమెకి కనబడేది కాదు.
అయినా టీ చల్లారేలోపు ఇంట్లో ఉండేవాణ్ణి.
అదిగో, ఆ మందుల షాపు దాకా వెళ్తే ఇక వినబడదు.
నీ కూతవేటు ఇంతే, గీత గీసుకో.

గీశాను, నిజంగానే, పెన్సిల్‌తో.

ఆస్పత్రి పన్నెండు నిమిషాలని రాశాను, సరేనా? అన్నాను.
"పన్నెండే."
నిమిషాల గురించి అతను
ఇంకేమీ చెప్పనిది ఆ ఒక్కచోటే.

ఆఫీసులో మా ట్యామ్సిన్ అన్నీ కొట్టేసింది.
"ఇల్లు అమ్ముతున్నామా, సాక్ష్యం చెబుతున్నామా?"
రోజంతా ఎండ మళ్లీ వచ్చి కూచుంది.

శనివారం పదకొండు కుటుంబాలు.
టేపులు, ఫోన్లు, గోడల మీద వేలికణుపుల టకటక.
సొంతదారు లోపల ఉండకూడదని నియమం,
డెస్మండ్ రోడ్డు పక్కన కారులో, అద్దాలు ఎత్తుకుని.

చివర్న మెలె ఫిఫీటా, టోంగా మనిషి,
రాత్రి డ్యూటీ చేసే నర్సు.
వంటింటిని ఒక్క చూపులో ముగించి
పడగ్గది కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.
"పగలు పడుకునేదాన్ని. ఇక్కడ ఎండ ఎప్పటిదాకా?"

కాగితం తిప్పి వెనక రాసిచ్చాను:
జూన్‌లో రెండూ పది.
పన్నెండో మెట్టు కదులుతుంది, అమ్మ జాగ్రత్త.
ఆమె నవ్వి, దాన్ని మడిచింది,
పెన్సిల్ రాత పైకి కనబడేలా.

కింద గేటు దగ్గర్నుంచి వాళ్లమ్మ పిలిచింది,
నాకు అర్థం కాని భాషలో, గొంతెత్తి,
సగం గాలికి వదిలేసి.

కారు అద్దం కిందికి దిగింది.