సవరించిన అంచనా

ఫిబ్రవరిల మా అకౌంట్స్ సెక్షన్ల
ఫ్యాన్ వేస్తే కాయితాలు లేస్తయి,
వేయకుంటే మేం లేస్తం.
అందుకే కుప్పకొక రాయి.
కాజీపేట పట్టాల పక్కన ఏరిన కంకర,
సలీముద్దీన్ సాబ్ తెచ్చి పెట్టినయి.
ఆయన రిటైరై తొమ్మిదేండ్లాయె,
రాళ్లు ఇంకా డ్యూటీలనే ఉన్నయి.

పని నేర్పింది ఆయనే.
"జమ అంటే ఆశ బిడ్డా. ఖర్చు అంటే నిజం.
రెండిటినీ ఒక్క కాయితం మీద నిలబెట్టి
కొట్లాడుకోకుండ చూసుడే మన నౌకరి."

ఆస్తిపన్ను కింద డెబ్బయి కోట్లు రాస్తం.
వచ్చేది నలభై చిల్లర.
నడుమ పోయింది యాడ ఉన్నదంటే
మండిబజార్ల సగం దించిన షట్టర్ల కింద,
కోర్టు వాయిదాలల్ల,
బిల్ కలెక్టర్ ఐలయ్య బండి పంక్చరైన సందులల్ల,
"ఎల్లుండి రా రాదు" అనే మాటల.
దాని పేరు బకాయి.
అది కూడా ఆస్తే అని రాసుకుంటం.

ముందుగాల జీతాలు.
ఎనుకనే కరెంటు బిల్లు,
దీపాలు వెలిగినా వెలగకున్నా.
అప్పు మీది మిత్తి.
మొక్కలకు పదోవంతు, చట్టం అట్లనే చెప్పింది,
ఓటెయ్యకున్నా వాటికొక పద్దుంది.
ఇగ మిగిలినదాని చుట్టు
అరవై ఆరు డివిజన్లు కూసుంటయి,
పెండ్లిల ఆఖరి బంతి
గంజు అడుగు గీకే గరిటె చప్పుడు వింటున్నట్టు.

పద్దు నూట పద్నాలుగు:
శివనగర్ కాలువ పక్క గోడ, పద్దెనిమిది లక్షలు.
మూడేండ్ల నుంచి నేనే టైపు చేస్తున్న.
అంచనాల పద్దెనిమిది,
సవరించిన అంచనాల సున్న.
మళ్ల ఏడు అంచనాల పద్దెనిమిది.
ఆ అంకె ఇప్పుడు నా వేళ్లకే తెలుసు,
కండ్లు చూడవు.

కొమురమ్మ వచ్చింది ఒకనాడు.
సఫాయి పని, కాంట్రాక్టు మీద.
ఆమె జీతం కూడా నా కాయితాలల్ల ఉన్నది
గాని ఆమె పేరుతోటి లేదు.
"మేడం, మీ లెక్కల మా గోడ ఉన్నదా?"
ఉన్నదన్న.
"మా వాడల లేదు."
తీసి చూపించిన.
ఆ వరుస మీద వేలు పెట్టి
"ఇంత పొట్టిగున్నదా" అన్నది.

తన ఇంట్ల గోడకు
తను రాసుకున్న లెక్క చెప్పింది.
నీళ్లు ఎంతదాక వస్తే అంతదాక పసుపు గీత.
మొదటి ఏడు మోకాలు.
రెండో ఏడు తలుపు గొళ్లెం.
పోయినేడు దేవుని గూడు.
ఆ లెక్కల సవరణ లేదు.

కమిషనర్ సార్ మిగులు చూపియ్యుమన్నడు.
చూపిచ్చినం, రెండు లక్షల పదకొండు వేలు.
ఎట్ల తెచ్చినమో అడగొద్దు,
మా సూపరింటెండెంటు తులసీరాం ఆ రాత్రి
ఛాయ్ తాగుకుంట నవ్విన నవ్వుకు ఓచర్ లేదు.

గోడకు పైస పెంచే తాకత్ నాకు లేదు.
పద్దు పక్కన ఒక గడి ఉంటది, రిమార్కులని,
ఎవరూ చదవరు, ఎప్పుడూ అడ్డగీతే.
అందుల టైపు చేసిన:
నీళ్లు – మోకాలు, గొళ్లెం, దేవుని గూడు.
ప్రింటుకు పోయింది.

కౌన్సిల్ హాల్ల ఏసీ ఆగింది ఆ రోజు.
మేయర్ ప్రసంగం ఇరవై నిమిషాలు.
బడ్జెట్ పుస్తకాలన్నీ విసనకర్రలైనయి.
మూడో వరుసల సారంగపాణి,
శివనగర్ దిక్కు కార్పొరేటర్,
విసురుకుంట విసురుకుంట
ఒక పేజీ కాడ ఆగిండు.
చెమట కారుతనే ఉన్నది, మళ్ల విసురుకోలే.
బల్లలు చరిచిండ్రు. పాసైంది.
ఆయన కూడా చరిచిండు,
రెండో చెయ్యి ఆ పేజీలనే ఉంది.

మే నెలాఖరున కొమురమ్మ కనబడితే
అడగబుద్ధి కాక అడిగిన.
"ముగ్గు పోసి పోయిండ్రు" అన్నది.
గోడ కాదు, గోడ వచ్చే జాగల
సున్నంతోటి ఒక తెల్లగీత,
కాలువ పొడుగూతా.
మనుషులు మళ్ల రాలేదు.
మొగులు అయితే పడుతున్నది.

ఆమె తెల్లారక ముందే
వాడ మొత్తం ఊడుస్తదట,
ఆ గీత కాడ చీపురు ఎత్తి పట్టుకొని
అవతలికి దాటుతదట.