తలుపు వెనక తక్కెడ

మా బడికి ఒకటే గది.
ఐదు తరగతులు, పంతొమ్మిది మంది పిల్లలు, నేనొక్కతెను.
కిటికీ అవతల కాఫీ తోటల వాలు, దాని అడుగున
కనపడకుండా వినపడే ఏరు.

గదికి నాలుగు మూలలే కదా,
ఐదోదాన్ని తలుపు వెనక ఇరికించాను.
నీళ్ళు, అక్షరాలు, బంకమట్టి, విత్తనాలు,
తలుపు వెనక తక్కెడ.
బట్టల క్లిప్పు మీద ఎవరి పేరు వాళ్ళది.
ఎక్కడ కూర్చుంటే అక్కడి అట్టకి తగిలించుకోవాలి,
పనైందని తమకే అనిపిస్తే తీసుకోవాలి.
నేను చెప్పకూడదు.
నియమం పెట్టింది నేనే,
కాళ్ళూ చేతులూ కట్టేసింది నాకే.

దువాన్ క్లిప్పు పదకొండు రోజులు కదల్లేదు.

యెసేనియా మూడు మూలలు చుట్టేసింది.
కవలలు మట్టితో వంతెన కట్టారు, కూల్చారు, మళ్ళీ కట్టారు.
వీడు మాత్రం రాగానే
ఒక పళ్ళెంలో అదే రేకు కప్పు, అవే కాఫీ గింజలు,
రెండో పళ్ళెంలో గులకరాళ్ళు.
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి,
కప్పుని మళ్ళీ కిటికీ గట్టు మీద ఎండలో పెట్టి,
ఆ పూటంతా రాళ్ళు కడిగేవాడు.

నాలుక చివర దురద.
చేతులు ఏప్రన్ జేబుల్లో కుక్కుకున్నాను.
మానిసాలెస్ నుంచి తనిఖీకొచ్చిన దోన్ ఎవెలియో కాగితంలో
'పూర్తిచేసిన మూలలు' అని ఒక గడి.
దువాన్ పేరు పక్కన సున్నా చుట్టి నా వంక చూశాడు.
నేను కనపడని ఏటి వంక చూశాను.

పన్నెండో రోజు
చీపురు బల్ల కిందికి దూర్చినప్పుడు
గోడ వారన సుద్ద గీతలు.
రోజుకో వరస, రాయికో గీత.
ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది. ఇరవై ఆరు.
వాన పడిన గురువారం మాత్రం
ముందురోజు కంటే ఒకటి ఎక్కువ.
తప్పనుకుని చెరిపెయ్యలేదు వాడు.
నిన్న పదిహేడు. ఇవాళ పదిహేడు.

తడి గింజలోంచి నీళ్ళు పోవడం
పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను,
ఎన్ని పోతాయని ఒక్కనాడూ అడగలేదు.

మధ్యాహ్నం వాడే లేచాడు.
క్లిప్పు తీసి, పళ్ళతో పట్టుకుని,
గదంతా ఓసారి కలయజూసి
అక్షరాల మూలకి నడిచాడు.
"'ఆరింది' ఎలా రాస్తారు?"
అడిగింది నన్ను కాదు.

జేబుల్లోంచి చేతులు తీసేలోపే
యెసేనియా పక్కకి జరిగి
చోటిచ్చింది.