ఓడ వంటవాడు చూసినది

ఫయాల్ దీవి రేవు విడిచి మూడో రాత్రి.
రేపటి రొట్టెకి పిండి పిసుకుతున్నాను.
పైన కేకలు.
ఓడ మునుగుతోందేమోనని
పిండి చేతులతోనే మెట్లెక్కాను.

ఓడకేం కాలేదు.
చీకటిగదిలో ఏడుగురు పెద్ద చదువులవాళ్లు
తెరకు ముక్కులు ఆనించి
పసిపిల్లలైపోయారు.
"సిప్రియానో, రా, నువ్వూ చూడు!"

రెండువేల నాలుగొందల మీటర్ల కింద.
మా పీకో కొండను తలకిందులుగా ముంచినా
కొన అడుక్కి ఆనదు.
పొద్దున నేనిచ్చిన థర్మోకోల్ కప్పు
అక్కడికి వెళ్లొచ్చి
బొటనవేలికి టోపీ అయింది.
అంత బరువు కింద
బండకు అతుక్కుని
ఆమె.

లేత ఊదారంగు ఆక్టోపస్.
ఎనిమిది చేతులూ తనలోకే మడుచుకుంది.
వాటి కింద గుడ్లు,
ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్లా.
యంత్రపు చేత్తో ఒర్లాండా
ఓ పీత ముక్క అందించింది.
ఆమె తోసేసింది,
మర్యాదగానే, గట్టిగా.

"పొదిగినన్నాళ్లూ తినదు" అంది డాక్టర్ వెనాన్సియా.
ఎన్నాళ్లు?
"మూడేళ్లో, నాలుగో. దీన్నింకా ఎవరూ లెక్కపెట్టలేదు."

ముప్ఫై ఏళ్లుగా గరిటె పట్టాను.
నా వంట వద్దన్నవాళ్లను చూశాను:
కడుపులో తిప్పి, అలిగి,
ఇంటి నుంచి ఉత్తరమొచ్చి.
రెండో పూటకి అందరూ వచ్చేవారు.

మర్నాడు వంటపట్టీలో
వైన్‌లో ఉడికిన ఆక్టోపస్ ఉంది.
వండాను. గిన్నె అడుగు గీకి తిన్నారు.
నేనూ తిన్నాను, అబద్ధమెందుకు.
కోసేటప్పుడు మాత్రం కన్ను చూడలేదు.
తాజాదో కాదో
కన్నే కదా చెప్పేది.

మరుసటేడు
బంగాళాదుంపలు ఎక్కించకముందే అడిగాను:
ఉందా?
"ఉంది. పాలిపోయింది."

ఆపై ఏడు డబ్బు రాలేదు, ఓడ కదల్లేదు.
రేవులో టూరిస్టులకు సూపు అమ్మాను.
వాన పడినప్పుడల్లా అనుకునేవాణ్ణి,
ఆమెకీ సంగతి తెలియదు కదా అని.

మళ్లీ వెళ్లాం.
అదే బండ.
ఆమె లేదు.
చిరిగిన గుడ్ల పొరలు మాత్రం
ఉల్లిపొట్టులా ఊగుతున్నాయి.
ఈసారి ఎవరూ కేక వేయలేదు.
ఒర్లాండా దీపాలు ఆర్పేసింది.
నల్లటి తెర మీద, ఎక్కడో ఓ మూల,
నీలంగా ఏదో మిణికింది.
ఏమిటని నేనడగలేదు,
వాళ్లూ చెప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది స్టవ్ మీది పాలు.
దిగేసరికి పొంగి, ఇగిరి, మాడాయి.
గిన్నె తోముతుంటే
తెల్లారింది.