అంటించిన తేదీ

మైదా ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేయాల.
వేస్తే పురుగు పట్టదు, మేక మూతి పెట్టదు.
ఆ పొద్దు వేయలా. ఇంట్లో లేదు. అంతే.

నాలుగు కాగితాలు.
పంచాయతీ ఆఫీసు తలుపుకొకటి, చౌకదుకాణం గోడకొకటి,
తుపాను షెల్టరు స్తంభానికొకటి,
నాలుగోది ఐసు ఫ్యాక్టరీ గేటుకి.
పైన మూడు సింహాలు, కింద పచ్చ సిరా సంతకం,
నడుమ నా నోరు తిరగని మాటలు:
జన్యుమార్పిడి రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రం,
మూతలేసిన తొట్లు,
వాడిన నీరు శుద్ధిచేసి ఉప్పుటేటిలోకి.
అట్టడుగున ఇట్లా:
ముప్పది దినములలోగా లిఖితపూర్వకముగా
అభ్యంతరము తెలుపనియెడల
అభ్యంతరము లేనట్లు భావించబడును.

గంపలో పీతలు గరగరమంటుంటే
చెంచులమ్మ నిలబడింది.
"ఏముండాది సామీ అందులో?"
"రొయ్యల సంగతిలే మేయ్."
"నీళ్ళు యాడికి వదుల్తారంట?"
చేతులంతా బంక. పొద్దెక్కుతుండాది.
"చదివినోళ్ళు చూసుకుంటార్లే" అన్నా.

ఆమె అడిగింది మొదటి రోజున.
ఏ రిజిస్టర్లోనూ ఎక్కలా.
నోటితో అడిగితే అడగనట్టేనంట.

రెండో రోజుకి చౌకదుకాణం కాగితం మేక తినేసింది,
సింహాలతో సహా.
షెల్టరు కాడిది కార్తీకం వానకి జారి
స్తంభం మొదట్లో ముద్దయింది.
పట్టపుపాళెం మగోళ్ళు కాసిమేడు బోట్లమీద ఉండారు.
రోజులు మాత్రం ఆగలా.
కాగితం తినే మేక ఉంది గానీ
తేదీ తినే మేక యాడా లేదు.

ముప్పై ఒకటో రోజున వచ్చింది చెంచులమ్మ,
మనవరాలి చేత పెన్సిలుతో రాయించుకొని.
సూపరింటెండెంటు క్యాలెండరు వైపు చెయ్యి చూపించాడు.
ఆమె అటు చూసింది. దేవుడి బొమ్మనుకొని దణ్ణం పెట్టింది.

కావలి కోర్టు కాడ వకీలు మొహిద్దీన్ గారు
టీ ఊదుకుంటా చెప్పాడు:
"నోటీసుకి చదివేవాళ్ళు అక్కర్లేదయ్యా.
అంటిస్తే చాలు, ఊరందరికీ తెలిసినట్టే.
మేక తిన్నా తెలిసినట్టే."

భావించబడును.
ఎవురు భావిస్తారు సార్ అని అడగబోయి ఊరుకున్నా.
పద్యానికి భావం రాయమంటే మావోడు
గంటసేపు పెన్ను కొరుకుతాడు.
ఇక్కడ మడిసి లేకుండానే
కాగితం తనంతట తాను భావించేసుకుంటుంది.

గ్లాసు కింద పెడతా ఇంకోటి కూడా అన్నాడాయన:
"అంటించినట్టు ఇద్దరు సాక్షులుండాల.
అందులో ఒకరు దొంగసాక్షి అని తేలిందనుకో,
ఆ ముప్పై రోజులు అసలు మొదలే కాలేదని వాదించొచ్చు."

అప్పట్నించి నాకు నిద్ర లేదు.
మొదటి సాక్షి చౌకదుకాణం డీలరు. నిజమే.
రెండో సాక్షి పామంజి ఏడుకొండలు.
ఆ పొద్దు ఏడుకొండలు సముద్రం మీద ఉండాడు.
పంచనామాలో ఆ వేలిముద్ర
నాది.
ఎడమ బొటనవేలు. సాయంత్రం బస్సుకి టైమైపోయింది.

శుక్రవారం విచారణ. నన్ను రమ్మన్నారు.
చెప్తే నోటీసు పడిపోద్ది, దాంతో నేనూ పడిపోతా,
ఇంకా రెండేళ్ళు సర్వీసుండాది.
చెప్పకపోతే?
నేను ఊరకుంటే దాన్నేమని భావిస్తారో
ఏ కాగితం అడుగునా రాసిలేదు.

ఈ రాత్రి మళ్ళా మైదా ఉడుకుతుండాది,
ఎవురిదో చెరువు వేలం ప్రకటన.
మా ఆడమనిషి తుత్తం పొట్లం పొయ్యి పక్కన పెట్టిపోయింది.
వేలు చూసుకుంటా తిప్పుతుండా.

పొద్దున ఏటిగట్టు మీద చెంచులమ్మ ఎదురొచ్చింది,
ఖాళీ గంపతో.
ఈసారి ఏమీ అడగలా.