మడ్‌గార్డు లేని లెక్క

మురకంబట్టు దాటినాక ఎడమపక్క
హయాత్ బాషా లేత్ షాపు.
వెనక రేకుల కొట్టంలో, చింతపండు మూటల పక్కన
టార్పాలిన్ కింద ఒక బండి.
నాలుగు చక్రాలూ బయటికే ఉన్నాయి,
పొట్టి దుప్పటి కప్పుకున్నవాడి కాళ్ళలాగా.

నేను ప్రాజెక్టు రిపోర్టులు రాసేవాణ్ణి.
కోళ్ళఫారాలకు రాశాను, మామిడి గుజ్జుకు రాశాను,
వెయ్యడుగులకూ తడి తగలని ఊళ్ళో
బోరు రిగ్గు కొంటే మూడేళ్ళలో అసలు తిరిగొస్తుందని రాశాను.
బ్యాంకువాళ్ళు నమ్మారు.
నేను ఫీజు తీసుకున్నాను.

"కొత్త రేసు సిరీసు సార్" అన్నాడు బాషా
చేతుల గ్రీజు పాత లుంగీ పేలికతో తుడుచుకుంటూ.
"పన్నెండు బండ్లు, అన్నీ ఒకటే రకం, అన్నీ ఈడే చేస్తాం.
ఇంజను మోటారుసైకిలుది. గొట్టాలు రాణిపేట నుంచి.
నెత్తిన కప్పుండదు, చక్రానికి మడ్‌గార్డుండదు.
డబ్బుండేవాడు కాదు, తోలేవాడు గెలవల్ల.
గిట్టుబాటవుతాదా కాదా, అది రాయండి."

రాయడానికి కూర్చున్నాను.
బండి ఒకటికి నాలుగు లక్షల ఎనభై వేలు.
టైర్లు, పోటీకి రెండు జతలు. చెప్పులకంటే తొందరగా అరుగుతాయట.
శ్రీపెరంబదూరు వైపు ట్రాకు అద్దెకు అడిగితే
ఫోన్లో మనిషి అంకె చెప్పేముందు ఒకసారి దగ్గాడు.
ఆ దగ్గునూ ఖర్చులో వేశాను.
అంబులెన్సులు రెండు, డాక్టరు, ఇసుక బస్తాలు...
బీమా గడి దగ్గర పెన్ను ఆగింది.
మెడ విరిగితే ఎంత అని అడిగే గడి అది.

రాబడి.
తోలేవాళ్ళ దగ్గర ఫీజు వసూలు చెయ్యాలి.
పన్నెండు మందిలో కట్టగలవాళ్ళు నలుగురు,
తోలగలవాళ్ళు మిగతా ఎనిమిది మంది.
గుజ్జు ఫ్యాక్టరీ దామోదర మొదలియారు
బండి ముక్కు మీద తన డబ్బా బొమ్మకు మూడు లక్షలన్నాడు.
ఆ వారమే తోతాపురి కిలో ఐదు రూపాయలకు పడింది.
"వచ్చే కాపు చూద్దామప్పా" అన్నాడు.
ముక్కు ఖాళీ.
టికెట్టా? రంగంపేట ఎద్దుల పరుగుకు
మిద్దెలూ గోడలూ ఎక్కి చూసే జనం మనది.
ట్రాకు చుట్టూ గోడ కడితే
దాని మీదే కూర్చుంటారు.

మా తాత బెల్లం గానుగ గుర్తొచ్చింది.
ఎద్దు తిరిగితే చెరుకు రసం కారేది, కింద కుండ పెట్టేవాళ్ళు.
ఈ బండి తిరిగితే దేని కింద ఏ కుండ పెట్టాలి?

నాలుగింటికి, ఇంకా తెరవని బైపాసు ముక్క మీద
వసంతి బండెక్కింది. గంగాధరనెల్లూరు పిల్ల,
పొద్దున పాల వ్యాను తోల్తుంది.
నా చేతిలో స్టాపువాచీ. రాత్రి వాన చినుకులు రోడ్డు మీదే ఉన్నాయి.
ఆమె దాటిపోయినప్పుడు
బురదంతా నా చొక్కా మీదికి, కళ్ళద్దాల మీదికి, నోట్లోకి.
ఎన్ని సెకన్లో చూడనేలేదు.

దిగి హెల్మెట్టు తీసింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుంది.
"వ్యానులో చక్రం యాడుందో తెలీదు సార్.
దీంట్లో నా కండ్ల ముందరే తిరగతాంది.
రాయి ముందు దానికి తగల్తాది, ఆమీట నాకు."

ఇన్నేళ్ళూ నా రిపోర్టులన్నిటికీ
మడ్‌గార్డులు బిగించి పంపాను.

పొద్దెక్కాక చివరి పేజీ రాశాను.
'గిట్టదు.'
కింద సంతకం. చెయ్యి వణకలేదు, అదే వింత.

బాషా కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు.
లేత్ ఆపమని కుర్రాడికి సైగ చేశాడు.
ఇనుప రజను నేలకు దిగేదాకా ఎవరం మాట్లాడలేదు.

"ఎంత గిట్టదు సార్?"

ఆ ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.
"మొదటి ఏడు పదకొండు లక్షల నలభై వేలు" అన్నాను.

టార్పాలిన్ వైపు చూశాడు,
షాపు పైకప్పు వైపు చూశాడు,
వేళ్ళమీద ఏదో లెక్కపెట్టాడు.

"అంతేనా" అన్నాడు.