మసి ఆగే రంగులు

మధురవాడ వచ్చి పదకొండు నెలలు.
గోడలు కొత్తవి, కుళాయి కొత్తది,
బీరువా తలుపు తీస్తే మాత్రం
లోపల ఇంకా జ్ఞానాపురమే.

ఇవాళ సెలవు. అన్నీ మంచం మీద కుమ్మరించాను.
ముదురు నీలం. కాఫీపొడి రంగు. మళ్ళీ ముదురు నీలం.
వంకాయ రంగు, ఎలుక రంగు,
పేరు తెలియని మట్టిరంగొకటి, అదే మూడుసార్లు.
నలభై ఒక్క చీరల్లో
దూరాన్నించి ఎవరైనా గుర్తుపట్టేది ఒక్కటీ లేదు.

"నీకు డార్కే నప్పుతుంది మెర్సీ" అనేవారు ఆఫీసులో.
నమ్మాను. అద్దానికీ అదే చెప్పాను.

నా చీరలు నేను ఎంచలేదు,
పోర్టు ఎంచింది.
గాలి ఇటు తిరిగిన రోజు
బొగ్గుగుట్టల పొడి డాబా ఎక్కి
మాకంటే ముందే మా తడిబట్టలు కట్టుకునేది.
తీగ తుడిస్తే నలుపు, దిండు దులిపితే నలుపు.
కురుపాం మార్కెట్లో అమ్మ
చీర మడత విప్పి అందం చూసేది కాదు,
"మసి కనబడుద్దా?" అని అడిగేది.
కొట్టువాడికీ ఆ ప్రశ్న అలవాటే.

మరి నాకు ఏ రంగిష్టం?
నలభై ఆరేళ్ళకి, చీరల మధ్య కాస్త చోటు చేసుకుని
కూర్చుని ఆలోచించాల్సొచ్చింది.

మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది, నెత్తిన స్టీలు గంప.
"ఏటమ్మా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి,
ఇవన్నీ ఒక్క మనిషివేనా?"
ఒక్క మనిషివే.
ముప్పై చీరలకి ఒక టిఫిన్ డబ్బా, మూత కొంచెం వదులు.
జరీ లేందే ఇంకేటిస్తానంది.

అన్నిటికీ అడుగున, పాత దుప్పటిలో, పెళ్ళిచీర.
ఉన్న ఒక్క తెలుపు.
చర్చి మెట్ల నుంచి వీధి చివరింటికి
నడిచింది నాలుగు నిమిషాలే.
కుచ్చిళ్ళ అంచున జానెడు బూడిదరంగు,
ఇరవై రెండేళ్ళుగా ఏ సబ్బుకీ లొంగలేదు.
నూకరత్నం ముందు బేసిన్ తీసింది,
అంచు చూసి గిన్నెకి దిగింది.
ఇవ్వలేదు.
మొగుడి గుర్తని అనుకుంది కాబోలు, ఊరుకుంది.
మొగుడి గుర్తు కాదు.
నా అంతట నేను కోరి కట్టుకున్న రంగు
అదొక్కటే.

సాయంత్రం ఉతికి ఆరేశాను.
అంచు అలాగే ఉంది, ఉండనీ.
చీకటి పడ్డాక తీస్తూ
అలవాటుకొద్దీ తీగ మీద వేలు రాసి చూశాను.
ఏమీ లేదు.
మళ్ళీ రాశాను.